భుజం తట్టొద్దన్నారు

నా వయస్సు యాభై మూడు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీలో పెద్ద ఇస్త్రీ రోలరు దగ్గర ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. దెబ్బ తగిలిన అమ్మాయి నా పక్కనే నిలబడి రోలరుకు దుప్పట్లు అందించేది. చిన్నప్పటి జ్వరంతో ఆమెకు వినికిడి పోయింది. పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటుంది. చుట్టరికం లేకపోయినా నన్ను బాబాయ్ అంటుంది.

ఆగిన రోలరు మళ్లీ తిరిగే ముందు గంట మోగుతుంది. అవతల మీట నొక్కేవాడికి ఆమె చేతులు కనబడవు. అందుకని గంట మోగగానే నేను ఆమె భుజం మీద రెండుసార్లు తట్టేవాణ్ణి. ఆమె చేతులు వెనక్కి తీసేది. ఆరేళ్లుగా ఇదే పద్ధతి.

కిందటి గురువారం ఉదయం పదిన్నరకు క్యాంటీన్‌లో శిక్షణ పెట్టారు. తోటివాళ్లను సమానంగా చూడటం నేర్పుతారట. నేర్పే మేడం అందరి ముందూ నన్ను లేపి, "ఆ అమ్మాయిని రోజుకి ఎన్నిసార్లు ముట్టుకుంటారు?" అంది. తల కొట్టేసినంత పనైంది. అమ్మాయి లేచి, "బాబాయ్ తడితేనే నాకు తెలుస్తుందండీ" అంది. "చూశారా, ఆమెకి ఎలా అలవాటు చేసేశారో!" అంది మేడం. అందరూ చప్పట్లు కొట్టారు. థూ! ఆ పిల్ల నోరు నొక్కేసి దానికి చప్పట్లు! ఇకమీదట ఎవరినీ ముట్టుకోబోమని, ముట్టుకుంటే ఉద్యోగం పోయినా ఒప్పుకుంటామని మా చేత సంతకాలు పెట్టించారు. ఆమెకు గంటతోపాటు వెలిగే ఎర్రదీపం పెట్టిస్తానన్నాడు మేనేజరు. పెట్టించలేదు.

సోమవారం పదకొండు గంటల పది నిమిషాలకు దుప్పటి ఇరుక్కుని రోలరు ఆగింది. ఆమె వంగి లాగుతోంది. గంట మోగింది. నా చెయ్యి లేచింది. వెనక సూపర్‌వైజరు ఉన్నాడు. చెయ్యి దించేశాను. "అమ్మాయ్!" అని అరిచాను. వినబడని పిల్లను కేకేసి పిలిచాను, వెధవని. ఆమె కుడిచేతి వేళ్లు నాలుగు పోయాయి. దుప్పటి మాత్రం అవతలికి చక్కగా ఇస్త్రీ అయి వచ్చింది.

మధ్యాహ్నం మేనేజరు ఒక కాగితం తెచ్చాడు. గంట మోగినా ఆమె లెక్కచేయలేదని అందులో ఉంది. "సంతకం పెట్టెయ్. శిక్షణ ఇచ్చినట్టు రిజిస్టర్లో ఉంది, మనకేం కాదు" అన్నాడు. తప్పు ఆమెదని తేలితే ఆమె ఉద్యోగం కూడా పోతుంది. నేను సంతకం పెట్టలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. "గంట మోగిందా బాబాయ్?" అని అడిగింది. "మోగిందమ్మా" అన్నాను. "మరి నువ్వు?" అంది. అక్కడ చెప్పలేనిది ఇక్కడ పోలీసు స్టేషన్లో చెబుతున్నాను. నేను భయపడ్డాను. ఆ క్షణంలో ఆ పిల్ల వేళ్లకంటే నా ఉద్యోగమే నాకు ఎక్కువైంది. కేసు ఎవరి మీద పెట్టినా, అందులో నన్ను కూడా చేర్చండి.

రాసినది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, అంతా నిజం. ఎవరి బలవంతమూ లేదు.

(సంతకం)
ఇస్త్రీ రోలరు దగ్గర పనివాడు