దండగ వాటా

హోప్ టౌన్ జెట్టీ మీద వల బాగుచేసుకుంటున్న మేనత్త, మేనల్లుడు తెచ్చిన స్వీట్ల డబ్బా ఇంకా విప్పలేదు.

"ప్రొఫెసరు పదవి దేనికిచ్చినార్రా?"

"మన పడవల రాబడి మీద పరిశోధన చేశానత్తా. దండగెక్కడుందో తేల్చాను."

"అచ్ఛా! ఏట్రా ఆ దండగ?"

"సంద్రంలో పోయినోళ్ల ఇళ్లకి కూడా వేటలో వాటా పంపుతారు కదా, అదే. అది ఆపితే కొత్త పడవలు కొనొచ్చని రాశాను. ఫారిన్ పత్రికలో పడింది."

ఆమె చేతిలోని వల పక్కన పెట్టింది.

"అందులో మనింటి సంగతి రాసినావా?"

"మనదెందుకత్తా?"

"మీ అయ్య సంద్రంలో పోయినాక, పన్నెండేళ్లు ఆ వాటా సేపలమ్మి మీయమ్మ నిన్ను సదివించింది."



ఆమె డబ్బాను అతని వైపు తోసేసింది.

"నువ్వు రాసింది నిజమేరా. అదంతా దండగే అయింది."