ప్రేమానందం గారి పేపరు పరీక్ష

సభకు అధ్యక్షత వహిస్తున్న మా జగ్గయ్యపేట, నందిగామ మోటారు ఓనర్ల సంఘం అధ్యక్షులు సతీష్‌బాబు గారికి, ఎన్ని పనులున్నా ఇంతసేపూ ఓపిగ్గా కూర్చున్న డీఎస్పీ గారికి, ఈ పూలదండల వెనక ఎక్కడో ఉన్న మన ప్రేమానందం సార్‌కి, ముందు వరసలో ఉన్న వారి సతీమణి లూర్దమ్మ గారికి, పెద్దలకు, డ్రైవరన్నలకు, మాటిమాటికీ డైనింగ్ హాలు తలుపు వైపు చూస్తున్న మిత్రులకు నమస్కారాలు, సలాములు. (నవ్వులు) బిర్యానీ ఇంకా దమ్ము మీదే ఉందండి. అది కనుక్కున్నాకే నేను మైకు పట్టుకున్నా.

నన్ను ఎరగని వాళ్ల కోసం చెప్తున్నా. నా పేరు ఖయ్యూమ్. జగ్గయ్యపేటలో కారు అద్దాలకు ఫిల్మ్ అంటించే షాపు నాది. ఇవాళ రిటైరైన ఈ ట్రాఫిక్ ఎస్సై గారు ఆ ఫిల్మ్ పీకించే మనిషి. నేను అంటిస్తే ఆయన పీకించారు, ఆయన పీకిస్తే నేను మళ్లీ అంటించా, ఇట్లా ఒకరికొకరం పని కల్పించుకుంటూ ఇన్నేళ్లు బతికాం. పీకించినాయన వీడ్కోలు సభలో అంటించినవాడికేం పని అని కొందరు గొణుక్కున్నారంట. అయ్యా, ఈయన వెళ్లిపోతే నిజంగా వ్యాపారం పోయేది నాకే కదండీ. మీ అందరి కంటే నా ఏడుపే అసలు ఏడుపు. (నవ్వులు)

అధ్యక్షుల వారు అప్పుడే చీటీ పంపారు, క్లుప్తంగా అని. సతీష్‌బాబు గారూ, పొద్దున ఫోన్లో ఏమనుకున్నాం? నన్ను చివర్లో పిలవండి, నా ముందు మాట్లాడేవాళ్లని కూడా తొందరపెట్టకండి, నన్ను అసలే తొందరపెట్టకండి అని చెప్పానా లేదా? సరేనన్నారు. ఎలక్షన్లలో ఇచ్చిన మాట కాదు కదండీ ఇది, నిలబెట్టుకోవాలి. (చప్పట్లు)

అసలు సంగతికొస్తా. మా షాపుకొచ్చిన ప్రతి మనిషీ మొదట అనే మాట, 'ఎండకి చచ్చిపోతున్నాం ఖయ్యూమ్' అని. నిజమే, మనది రాతినేల, మే నెలలో స్టీరింగ్ పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టే ఉంటుంది. కాకపోతే ఆ మాట డిసెంబరు మంచులో లైట్లేసుకుని వచ్చిన వాళ్లు కూడా అంటారు. నేను రెండు ముక్కలు బల్ల మీద పెడతా. ఒకటి నల్లగా కాటుకలా ఉంటుంది, రెండోది మామూలు అద్దంలాగే తెల్లగా ఉంటుంది. 'అయ్యా, ఈ తెల్లది వేడిని ఆపుద్ది, ఈ నల్లది ముఖ్యంగా జనం చూపుని ఆపుద్ది, మీకేది కావాలి' అంటే, రెప్ప కొట్టే లోపల నల్లదాని మీద చెయ్యేసి, 'ఎండకి ఇదే బాగుంటదిలే' అంటారు. ఒకాయనైతే, పేరెందుకులెండి, ఈ వేదిక మీదే ఉన్నారు, (నవ్వులు) సతీష్‌బాబు గారూ, మీరు నవ్వితే అందరికీ తెలిసిపోద్ది, ఆయనైతే నా చెవిలో, 'లోపల ఎవరున్నారో కనపడకూడదు ఖయ్యూమ్, కానీ ఉంది నేనేనని తెలియాలి' అన్నారు. అట్లాంటి ఫిల్మ్ ఇంకా ఏ కంపెనీ వాడూ కనిపెట్టలేదండి.

కంపెనీ ఏజెంట్ల సంగతి మీకు తెలీదు. ఒక్కొక్కడూ ఒక పెట్టె పట్టుకొస్తాడు. అందులో పెద్ద బల్బు, ముందు గాజు పలక, దానికి వాడి ఫిల్మ్. చెయ్యి పెట్టి చూడమంటాడు. వాడి పెట్టెలో వాడి ఫిల్మే గెలుస్తుంది, పక్కవాడి పెట్టెలో పక్కవాడిది గెలుస్తుంది. అందరూ 'తొంభై తొమ్మిది శాతం ఆపుద్ది సార్' అంటారు. ఏంటి ఆపేది అని గట్టిగా అడిగితే అప్పుడు నసుగుతారు. అది వేడి లెక్క కాదండి, ఎండలో చర్మాన్ని పాడుచేసే కిరణం ఒకటుంది, దాని లెక్క. వేడి లెక్క అందులో సగమో, అంతకంటే కాస్త ఎక్కువో ఉంటుంది. ఆ తొంభై తొమ్మిదిని గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

ఇక మన సార్ పరీక్ష. రూలు ప్రకారం ముందూ వెనకా అద్దాల్లోంచి నూటికి డెబ్బై వంతులు, పక్క అద్దాల్లోంచి సగం వెలుగు లోపలికి పోవాలి. దాన్ని కొలవడానికి మిషను ఉంటుంది. 'అది మీకెప్పుడిస్తారు సార్' అని నేను అడిగినప్పుడల్లా 'వస్తుందోయ్' అనేవారు. అది వచ్చేలోపు సార్ రిటైరయ్యారు. (నవ్వులు) అందుకని ఈయన తన మిషను తనే చేసుకున్నారు. అది ఆ రోజు పేపరు. చిల్లకల్లు దగ్గర కారు ఆపడం, పేపరు లోపలి మనిషికిచ్చి అద్దానికి ఆనించి పట్టుకోమనడం, తను బయట నిలబడి చదవడం. పెద్దక్షరాలు కాదండోయ్, కింద సన్నక్షరాలు. చదవగలిగితే 'పో నాయనా' అనేవారు. చదవలేకపోతే, 'కోరి అంటించుకున్నావు, నువ్వే పీకు, నేను ముట్టుకోను' అని పక్కన నిలబడేవారు. ఒకసారి ఒక కుర్రాడు వాళ్ల బాబాయి పెద్ద లీడరని ఫోను కలిపి సార్ చేతికివ్వబోతే, 'బాబాయికి అక్కణ్ణుంచి ఈ పేపరు కనపడదు కదయ్యా, పెట్టెయ్' అన్నారు. ఆ కుర్రాడు పీకుతూ ఏడ్చాడంట. మర్నాడు నా దగ్గరికొచ్చి నవ్వుతూ అంటించుకున్నాడు.

ఇట్లా ఉండగా మొన్న వేసవిలో మన సంఘం వాళ్లకి జ్ఞానోదయం అయింది. ఏ ఫిల్మ్ ఎంత వేడిని ఆపుద్దో బహిరంగంగా తేల్చాలన్నారు. మార్కెట్ యార్డులో మిట్టమధ్యాహ్నం నాలుగు కార్లు వరసగా పెట్టారు. నల్ల ఫిల్మ్ కారు అధ్యక్షుల వారిది, అద్దంలా మెరిసే ఫిల్మ్ కారు ఒకటి, తెల్ల ఫిల్మ్ వేసింది నాది, ఏ ఫిల్మూ లేనిది ప్రేమదాసుది. ప్రేమదాసు రోజూ సిమెంటు ఫ్యాక్టరీకి స్టాఫ్‌ని దింపి తెచ్చే మనిషి. జడ్జి ఎవరయ్యా అంటే, ఎవరి మాటా వినని వాడు కావాలని ప్రేమానందం సార్‌ని పిలిచారు. థర్మామీటరు సంగతి ఒక్కరికీ తోచలేదు. ఒక్కో కారులో ఒక్కో గిన్నెడు వెన్న పెట్టి తలుపులు మూశారు. ఎవరి వెన్న ఆఖరున కరిగితే వాళ్లకి కప్పు.

మేం ముగ్గురం పోటీ కదా అని కార్లు తళతళా కడిగించుకుని పోయాం. ప్రేమదాసు మాత్రం, 'కడిగితే మాత్రం ఏంటి, రేపటికి మళ్లీ మామూలే కదా' అని ఉన్నది ఉన్నట్టు తెచ్చాడు. వైపరు తిరిగిన మేర తప్ప ఆ కారు మొత్తం సిమెంటు దుమ్ము, టాపు మీద, అద్దాల మీద, ఇస్త్రీ చేసినట్టు ఒకే పొర. మొదట కరిగింది అధ్యక్షుల వారి వెన్న. అది కరగడమేంటి, నెయ్యయిపోయింది. (నవ్వులు) వారు 'వెన్న మంచిది కాదు' అన్నారు. తర్వాత మెరిసే ఫిల్మ్, ఆ తర్వాత నాది. ప్రేమదాసు వెన్న ముద్ద మాత్రం ముద్దలాగే కూర్చుంది. కప్పు ప్రేమదాసుకి ఇచ్చేశారు. ఇచ్చిన చేత్తోనే మన సార్ పేపరు తీసి, ప్రేమదాసుని లోపల కూర్చోబెట్టి, బయట్నుంచి చదవబోయారు. పేపరు కాదు కదా, ప్రేమదాసే కనపడలేదు. కప్పు ఒక చేతిలో, చలానా ఒక చేతిలో పట్టుకుని ఇంటికెళ్లిన మొనగాడు ఈ జిల్లాలో వీడొక్కడే. ప్రేమదాసూ, ఓసారి లేచి నిలబడవయ్యా. (చప్పట్లు, ఈలలు)

మర్నాడు మా షాపు ముందు జనం. 'ప్రేమదాసు కారుకి వేసింది ఏ కంపెనీదండీ' అని అడిగారు. దుమ్మండీ అంటే, 'ధర ఎక్కువని చెప్పట్లేదు వీడు' అన్నారు. ఒకాయన మాత్రం నమ్మి, దగ్గరకొచ్చి, 'అదే నల్లరంగులో దొరుకుద్దా' అన్నాడు. మన ఊళ్ల చదువు అంతటితో సంపూర్ణం.

ఇంకో చీటీ వచ్చింది. చదవను. పక్కన పెడుతున్నా.

పోటీ రోజు అందరూ వెళ్లిపోయాక సార్ మాత్రం వెళ్లలేదు. అది నేనెవరికీ చెప్పలేదు, ఇవాళ చెప్తున్నా. నా కారు దగ్గరకొచ్చి, ఎడమ పక్క సీట్లో కూర్చుని, ఎండ పడుతున్న అద్దానికి చెంప దగ్గరగా పెట్టి చాలాసేపు అట్లాగే ఉన్నారు. 'నల్లగా లేదు, మరి చురుక్కుమనట్లేదేంటి ఖయ్యూమ్' అని అడిగారు. కంటికి కనపడే వెలుగు వేరు, కనపడకుండా కాల్చేది వేరు సార్, ఇది ఆ రెండోదాన్ని ఆపుద్ది అన్నా. 'చర్మానికి?' అన్నారు. అదే సార్, ఆ తొంభై తొమ్మిది శాతం, అన్నా. తలూపి దిగి వెళ్లిపోయారు.

తర్వాత కొన్నాళ్లకి కీసర టోల్‌గేటు దగ్గర నా ముందు సార్ కారు ఆగి ఉంది. లోపల గొడుగు. వానా లేదు, గీనా లేదు, అద్దాలు మూసిన కారులో ఎడమ పక్క సీట్లో ఎవరో గొడుగు విప్పి పట్టుకుని కూర్చున్నారు. టోలు కుర్రాళ్లు చూసి నవ్వుకుంటున్నారు. నేను పక్కనుంచి చూస్తే, లూర్దమ్మ గారు.

వారికి ఎండ పొడ సోకితే ఒళ్లంతా దద్దుర్లు లేచి, జ్వరం తగిలి, వారం పాటు మంచం దిగనివ్వని జబ్బుందండి. బెజవాడ పెద్ద డాక్టరు దగ్గరికి తిరుగుతున్నారు. అక్కణ్ణుంచి మధ్యాహ్నం పూట తిరిగొచ్చేటప్పుడు ఎండంతా ఆ ఎడమ అద్దం మీదే పడుద్ది. అందుకని గొడుగు. దారి పొడుగునా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుని రావడం. ఎవరి భార్య ఈమె? రోడ్డు మీద ఏ ఫిల్మ్ మంచిదో, ఏది రూల్లో ఉందో ఈ జిల్లాలో అందరికంటే బాగా తెలిసిన ఆఫీసరు గారి భార్య.

నేను ఆ సాయంత్రమే స్టేషనుకెళ్లి అడిగా, సార్, రూల్లో ఉన్న తెల్ల ఫిల్మే వేస్తా, మీ పేపరు సన్నక్షరాలు చదవచ్చు, ఒప్పుకోండి అని. సార్ ఏమన్నారంటే, 'ఖయ్యూమ్, రూలు నాకు తెలుసు, నీకు తెలుసు. రోడ్డు మీద చూసేవాడికి తెలియదు. ఫిల్మ్ వేసిన కారు దిగి నేను పీకమంటే ఎవడు పీకుతాడయ్యా?' అన్నారు. సరే, రిటైరయ్యాక వేయించుకోండి అన్నా. 'ఇన్నేళ్లు మనవి పీకించి, దిగిన మర్నాడే తను వేయించుకున్నాడంటారు' అన్నారు. సార్, మీ ముఖం మీదే అంటున్నా, ఏమనుకోకండి. నాకు ఆ రోజు మీ మీద కోపమొచ్చింది. మీలాంటి నిక్కచ్చి మనిషిని నేను చూడలేదు, ఆ మాట ఎక్కడైనా చెప్తా. కానీ ఈ ఊళ్లో చూసేవాడంటే ఎవరండీ? డిసెంబర్లో ఎండకని నల్ల ఫిల్మ్ అడిగేవాడు. దుమ్ముని ఏ కంపెనీదని అడిగేవాడు. వాడు ఏమనుకుంటాడోనని ఆ తల్లి కారులో గొడుగు పట్టుకోవాలా?

మా జీనత్‌తో లూర్దమ్మ గారు ఒక మాటన్నారంట, 'మా ఆయన పరువు చాలా పెద్దదమ్మా, కానీ దాని కింద నాకు నీడ దొరకట్లేదు' అని. జీనత్ నా భార్య. షాపులో పేరు నాదైనా, ఫిల్మ్ కొయ్యడం, బుడగ లేకుండా అంటించడం ఆమె చేతి పనే. ఆ మాట ఇంటికొచ్చి నాతో చెప్పి, రాత్రి అన్నం తినలేదు.

అదుగో, ద్వారం దగ్గర తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వస్తోందే, ఆమే జీనత్. అందరూ ఓసారి చూడండి. సార్, మీరు కూడా ఆ దండలు కాస్త పక్కకి జరుపుకుని చూడండి. లూర్దమ్మ గారి పక్కన కూర్చుని, చేతిలో కారు తాళం పెట్టింది చూశారా. అంటే ఎడమ అద్దం కూడా అయిపోయిందన్నమాట.

అయ్యా సతీష్‌బాబు గారూ, డీఎస్పీ గారూ, ఆకలితో ఉన్న మిత్రులారా, నన్ను మన్నించాలి. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. మొదటి వక్త మైకు ముందుకు రాగానే సార్ కారు ఈ హాలు కింద సెల్లార్లోకి పోయింది. దుమ్ము తగలని చోటు కావాలి, తొందరపడితే బుడగలొస్తాయి, అందుకని మీ అందరి పొగడ్తలనీ, నా సోదినీ సాగదీయాల్సి వచ్చింది. (నవ్వులు, చప్పట్లు) తాళం ఇచ్చింది లూర్దమ్మ గారే. ఊరికే వేస్తే ఈయన పీకేస్తారని డబ్బు కూడా వారే కట్టారు, వారి సొంత డబ్బు. కాబట్టి సార్, ఇది లంచమూ కాదు, కానుకా కాదు. ఆమె సీటు పక్క ఆమె అద్దం.

కూర్చోండి సార్, లేవకండి. మీరు పీకమని చెప్పడానికి లేదు. ఇవాళ సాయంత్రంతో మీకు ఆ అధికారం పోయింది, ఆర్డరు ఇందాక డీఎస్పీ గారే చదివారు. (పెద్దగా చప్పట్లు) మీకు అనుమానముంటే కిందికి దిగగానే మీ పేపరు పరీక్ష పెట్టండి. ఇవాళ పేపరు జిల్లా పేజీలో ఓ మూల మీ రిటైర్మెంటు వార్త పడింది, చాలా సన్నక్షరాలు. లూర్దమ్మ గారు లోపల పట్టుకుంటారు, మీరు బయట నిలబడి చదవండి. కళ్లు తుడుచుకుని చదవండి సార్, అక్షరాలు మసగ్గా ఉంటే అది నా ఫిల్మ్ తప్పు కాదు.

ఒక్క జాగ్రత్త చెప్పి దిగిపోతా. ఫిల్మ్ ఆరేదాకా రెండు మూడు రోజులు అద్దాలు దించకూడదు. కొత్తగా వచ్చే ఎస్సై గారు ఆపి దించమంటే దించకండి, పేపరు చూపించండి. ఇంతసేపు భరించిన మీ అందరికీ, మైకు లాక్కోని సతీష్‌బాబు గారికి, మా జీనత్ చేతులకి, ఇన్నేళ్లు నా పని పీకించి నా షాపుని నిలబెట్టిన ప్రేమానందం సార్‌కి పేరు పేరునా కృతజ్ఞతలు. లూర్దమ్మ గారూ, ఆ గొడుగు ఇక వానొస్తేనే తియ్యండి.

సెలవు.