సెలవు అడగని సిస్టరు

ఆ ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు పనిచేసి చనిపోయిన నర్సు సంతాపసభకి హాల్లో కుర్చీలు వేస్తున్నారు. పక్క గదిలో సూపరింటెండెంటు తన ప్రసంగం కాగితాన్ని ఆవిడ కూతురి చేతిలో పెట్టాడు.

"ఒకసారి చూడమ్మా. తప్పులుంటే చెప్పు."

"'ముప్పై ఏళ్లలో ఒక్క రోజైనా సెలవు అడగని త్యాగమూర్తి.' ఇదెవరి గురించి సార్?"

"మీ అమ్మగారి గురించేనమ్మా."

"చచ్చినవారి కళ్లు చారెడేసి అంటే ఇదే కాబోలు. అమ్మ అడిగింది సార్. నా ఎనిమిదో ఏట నాకు టైఫాయిడ్ వస్తే మూడుసార్లు అడిగింది. మూడు కాగితాలూ తిప్పి పంపింది మీరే."

"అప్పుడు స్టాఫ్ తక్కువమ్మా. మరి నిన్నెవరు చూసుకున్నారు?"

"అమ్మే. వార్డు నుంచి గంటకోసారి ఇంటికి ఫోన్ చేసేది. నేను నా మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టేదాన్ని. అమ్మ వార్డు గడియారం చూసి 'ఇక ఆపు' అనేది. ఏడిస్తే లెక్క తప్పుతుందని ఇద్దరం ఏడుపు దిగమింగుకునేవాళ్లం."

"ఆ సంగతి నాకు తెలీదమ్మా."

"తెలియాలంటే ఆ ఏసీ గదిలోంచి బయటికి రావాలిగా. మీ బీపీ చూడ్డానిక్కూడా అమ్మనే పైకి పిలిపించుకునేవారు."

"పోనీ, ఆ వాక్యం కొట్టేస్తాను."

"కొట్టేస్తే అమ్మ గురించి ఇంకేముంది ఇందులో?"

"మిగతాదంతా ఆస్పత్రి అభివృద్ధి గురించమ్మా."

"ఇన్నేళ్లు పనిచేయించుకుని అమ్మ గురించి రాసింది ఒక్క వాక్యం. అదీ అబద్ధం."

"మరి స్టేజీ ఎక్కి నన్నేం మాట్లాడమంటావు?"

"ఏమీ వద్దు. రెండు నిమిషాలు మౌనం పాటిస్తారుగా. మీ పది నిమిషాలు కూడా అందులో కలిపేయండి."