తిరుక్కై పులుసు

టీవీలో మొసళ్ళనూ పాములనూ ముద్దుచేసే తెల్లాయన, తిరుక్కై చేప తోకలోని విషపు ముల్లు గుచ్చుకుని సముద్రంలో చనిపోయిన వారం అది. ఆదివారం పొద్దున, మురుంగపాక్కంలో ఒక ఇంటి వంటగదిలో భార్యాభర్తలు.

"ఏందిది, ఇంత పెద్ద తిరుక్కై? మనింట్లో ఎవరు తింటారు దీన్ని?"

"నేను తింటా. ఆయన్ని చంపింది ఈ జాతే గదా. కారం ఎక్కువేసి పులుసు పెట్టు."

"ఆయన ఉంటే దీన్ని నీళ్ళలో వదిలేసుండును. ఏ జీవాన్నీ కొట్టొద్దన్నాయన పేరు చెప్పి పగ తీర్చుకుంటారా?"

"నీకు తెలీదే. ఆ వార్త విన్నప్పట్నుంచి నాకు అన్నం దిగలా. తోడబుట్టినోడు పోయినట్టుంది."

"తోడబుట్టినోడు పోతే ఎట్లుంటుందో నాకు తెలుసు."

"ఇప్పుడు అదెందుకే?"

"సేదరపేట్ రోడ్డులో మా తమ్ముణ్ణి గుద్ది చంపింది మీ కంపెనీ లారీనే గదా. కేసు పెడదామంటే, వాడి విధి, ఊరుకో అంటిరి. ఆ రాత్రి మీకు అన్నం బాగానే దిగింది."

"అది వేరే, ఇది వేరే."

"అవును, వేరేనే. ఆ కత్తిపీట ఇట్లా జరపండి, కోస్తా. చేప మీద పగ తీర్చుకుంటే ఉద్యోగం పోదు గదా."