పెంచలయ్య మేస్త్రి పోసిన చెంబెడు నీళ్ళు

ఏంది భాస్కరా, పొద్దున్నుంచి ఆ చీపురుతో తోస్తానే ఉండావు, నీళ్ళు మళ్ళా ఆడికే వస్తా ఉండాయి గదా? కొత్త కారు షెడ్డు, నున్నటి బండలు, నడిమధ్యన మడుగు. నీళ్ళు పోయే వాటం చూడకుండా పరిచేసినారు. ఇట్టా కూచో, కాళ్ళు నానబెట్టుకోబాక. పెంచలయ్య మేస్త్రి ఉండుంటేనా... నీకు తెలీదులే, మీ నాయనే అప్పటికి పాకతా ఉండె. అరవై ఒకటో, రెండో, మా రంగనాయకులు గారు కారు కొన్న ఏడు. నెల్లూరులో రైసుమిల్లు ఆయనది, నేను డ్రైవర్ని. కారుకని షెడ్డు కట్టించి, పెంచలయ్య చేత సిమెంటు గచ్చు పోయించినాడు. ఆ మేస్త్రిది ఒక పద్ధతి. గచ్చు మీద మట్టికట్టలు కట్టి వారం నీళ్ళు నిలబెడతారు గదా, ఆ కట్టలు తీసేసి, గచ్చు ఆరినాక, యజమాని ముందర చెంబెడు నీళ్ళు పోసేవాడు. అవి వాటంతట అవే వాకిలి దాటితేనే తాంబూలం తీసుకునేది. లేదంటే పగలగొట్టి మళ్ళా పోస్తానని మాట. ముప్పై ఏళ్ళలో ఒక్కటీ పగలగొట్టలా.

ఆ పొద్దు అయ్యకి మిల్లులో పని పడింది. పోతా పోతా నాతో అన్నాడు, "మస్తానయ్యా, ముసిలాయనకి చూపు ఆనటం లేదంట. నువ్వుండి చూడు. నీళ్ళు నిలిచినాయంటే ఇంక ఆయన్ని పనికి పిలవొద్దు." మేస్త్రి చెంబు వొంచినాడు. నడిమధ్యన చేటంత మడుగు నిలబడింది. ఆయన వొంగినాడు, కళ్ళు చికిలించినాడు, "పోయినాయా మస్తానూ?" అన్నాడు. కాళ్ళ ముందర నీళ్ళు పెట్టుకొని నన్ను అడగతా ఉండాడు. నాకు అర్థమయింది. అయినా, పెద్దాయన, పరువుగా బతికినోడు, నోరెట్టా వస్తది? "శుభ్రంగా పోయినాయి మేస్త్రీ" అన్నా. ఆ మొహం చూడాలబ్బయా. "చూసినావా, నా కళ్ళకేం కాలా" అన్నాడు. దినామూ కారు కడిగినాక ఆ మడుగు గోనెపట్టాతో నేనే తుడిచేవాణ్ణి, అయ్య కంట పడకుండా. మంచిపని చేస్తా ఉండా అనుకున్నా.

ఆ ధైర్యంతోనే మేస్త్రి తన ఇంటెనక నీళ్ళు పోసుకునే చోట తనే గచ్చు పోసుకున్నాడు. ఆడా నీళ్ళు నిలిచి పాచి పట్టింది. ఆయన భార్య చెంచమ్మ, పాపం ఎంత నెమ్మదస్తురాలు, వానల్లో జారిపడింది. తుంటి విరిగింది. నెలన్నర మంచంలో ఉండి కన్నుమూసింది.

కర్మ అయినాక ఒక పొద్దు మేస్త్రి షెడ్డుకొచ్చినాడు. అప్పుడే కారు కడిగి బయట పెట్టినా, గచ్చు ఇంకా తుడవలా. చెప్పులిడిచి లోపలికి అడుగేసినాడు. కాలు మడుగులో పడింది. అట్నే నిలబడిపోయినాడు. తిట్టుంటే బాగుండు. "ఆ పొద్దే చెప్పుంటే తాపీ దించేసేవాణ్ణి గదా నాయనా" అన్నాడు. అంతే. గోడ పట్టుకొని నడిచిపోయినాడు. ఏడు తిరక్కముందే ఆయనా పోయె. నాకు ఎనభై దాటినాయి, ఆ మాట ఇంకా చెవిలోనే ఉండాది.

ఆ చీపురు పక్కనబెట్టు. బండలు పరిచినోణ్ణి పిలిపించు. పిలిపించి మడుగు చూపించు, మొహమాటపడబాక... లోపల టీ ఏమన్నా పెట్టినారా?