వంగిన మనిషి బొమ్మ

అదా? తెలుసమ్మా దేవిశ్రీ, కాగితానికి దండేంటి అంకుల్ అంటావు. కూర్చో, చెప్తా. అది షేరు కాగితం, పాత వెండి గనిది. కంపెనీ ఎప్పుడో మునిగింది, గని మూసేశారు, కాగితం మిగిలింది. ఇలాంటివి పోగేసే పిచ్చి నాది కాదు, మా కొమరయ్యది. వాడు పోయి పదేళ్లో, పన్నెండో... ఏదో ఒకటి. ఇక్కడే కాల్గరీలో నాతోపాటు ఆయిల్ ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్లది కొత్తగూడెం. వాళ్ల నాన్న బొగ్గు గనిలో పనిచేసి, అందులోనే పోయాడు. వాళ్లు బాయి అంటారులే గనిని. శనివారం వస్తే చాలు, నన్ను కారులో పడేసుకుని పాత సామాన్ల షాపులన్నీ తిప్పేవాడు. ఓసారి మంచులో పక్క రాష్ట్రం, బ్రిటిష్ కొలంబియా కొండల్లోకి లాక్కెళ్లాడు, కారు గోతిలో దిగబడింది. "చెల్లని కాగితాల కోసం చస్తారా?" అని మీ ఆంటీ దమయంతి వారం రోజులు నాతో మాట్లాడలేదు. మహా మొండిదిలే... ఏం చెప్తున్నా? ఆ, బొమ్మలు. ఈ కాగితాల మీద గని పనివాళ్ల బొమ్మలుంటాయి. వాడు ఇంకేమీ చూసేవాడు కాదు, తిన్నగా బొమ్మే. "గిట్ల నిలబడ్తరారా విశ్వం? సుత్తె పట్టుకొని పెండ్లి పిలగాని లెక్క! మా బాపు బాయిల మోకాళ్ల మీదనే పని చేసెటోడు. ఇంటికొచ్చినంక గూడ నడుము సక్కగ కాకపోయేది" అనేవాడు. వాళ్ల నాన్నకి ఒక్క ఫోటో కూడా లేదమ్మా. అట్లా వంగిన మనిషి బొమ్మ ఒక్కటి దొరికితే ఫ్రేము కట్టించి దండ వేసుకుంటానని ఏళ్ల తరబడి వెతికాడు. షేర్లు అమ్ముకునేవాడు వంగినవాణ్ణి ఎందుకు వేయిస్తాడు, చెప్పు! హాస్పిటల్లో కూడా అదే ధ్యాస. "ఇగ దొర్కడు తియ్యిరా" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

వాడు పోయినా శనివారం వస్తే నాకు కాలు నిలవదు. మొన్న దీపావళి ముందు ఓ షాపులో, అడుగున పెట్టెలో, ఇది. దగ్గరికెళ్లి చూడు. మోకాళ్ల మీద ఉన్నాడా? తల పైరాయికి తగుల్తోందా? "ఒరేయ్ కొమరయ్యా, దొరికాడ్రా!" అని గట్టిగా అరిచి వెనక్కి తిరిగాను. షాపువాడు భయపడిపోయాడు పాపం... దండ వాడు వెయ్యాల్సింది. వాడు లేడు కదా, నేనే వేశా.

...నువ్వు ఇంటికెళ్లే రైలు, ఆ సీ-ట్రెయిన్ ఎన్నింటికమ్మా?