బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి మూకీ కారు

"మళ్లీ మొదట్నుంచి చదువుతాను. మధ్యలో మాట్లాడకు."

"నేనెక్కడ మాట్లాడానండీ. ఇస్త్రీ పెట్టె చప్పుడది."

"ఇస్త్రీ పెట్టె 'అబ్బో' అంటుందా?"

"అంది కాబోలు. చదవండి."

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి గంటైనా కాలేదు. రాజమండ్రిలో తమ ఇంటి ముందుగదిలో రిటైర్డ్ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సుకుమార్ గారు కంప్యూటర్ ముందు కూర్చుని, సాయంత్రం తనకు జరగబోయే సన్మానంలో చదవాల్సిన ఉపన్యాసం వల్లె వేస్తున్నారు. ఆయన సఫారీ సూటు ఇస్త్రీ చేస్తున్న భార్య ఆశాజ్యోతి గారు దాన్ని వినడం అప్పటికి ఐదోసారి, పాపం.

"'సభకు నమస్కారం. ముప్ఫై రెండేళ్లు బళ్లకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఇచ్చినవాణ్ణి. రిటైరయ్యాక, పాత మూకీ సినిమాల్లో కనిపించే కార్లు ఏ కంపెనీవో, ఏ ఏడాదివో గుర్తుపట్టే పని పెట్టుకున్నాను. ఇంటర్నెట్‌లో దేశదేశాలవాళ్లం నాలుగొందల మందిమి కలిసి ఈ పని చేస్తుంటాం.'"

"నాలుగొందల మందికీ పెళ్లిళ్లయ్యాయా అండి?"

"మాట్లాడకన్నానా?"

"ఊరికే అడిగా. ఆ ఆడవాళ్లు ఎలా ఉన్నారో అని."

"'ఇప్పటికి రెండొందల పదకొండు కార్లు గుర్తుపట్టాను. అయితే మూడేళ్ల కిందట ఒక మూకీ ముక్క బయటపడింది. సుమారు పందొమ్మిదొందల ఇరవై ఎనిమిదిలో మన గోదావరి గట్టు మీద తీసింది. మొత్తం పదకొండు సెకన్లు. పెళ్లి ఊరేగింపు. అందులో ఒక కారు.' ఇక్కడ ఆగుతాను. చప్పట్లు కొడతారు."

"కారు అనగానే ఎందుకు కొడతారండీ?"

"కిరణ్ కొట్టిస్తానన్నాడు. 'ఆ కారుని ప్రపంచంలో ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. ముందునుంచి చూస్తే బ్యూకు. వెనకనుంచి చూస్తే ఫోర్డు. జర్మనీ ఆయన ఒకటంటాడు, బెల్జియం ఆయన ఇంకోటంటాడు. ఇద్దరికీ మాటలు లేవు ఇప్పుడు. చివరికి ఆ చిక్కు విప్పింది మీ సుకుమారు. అది కంపెనీ పేరు లేని బ్యాటరీ కారు.'"

"ఆహా."

"ఆ 'ఆహా' ఏంటి?"

"బాగుందనండీ. బ్యాటరీ అని ఎలా తెలిసింది?"

"పొగ లేదు. ఇంజన్ చప్పుడు ఎలాగూ వినపడదు, మూకీ కాబట్టి. పొగ రాని కారంటే ఏంటి మరి? అప్పట్లో అమెరికాలో ఉండేవి అలాంటివి."

"ఇరవై ఎనిమిదిలో మన గట్టు మీద ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకునేవారో."

"బ్యాటరీలు పడవల మీద మార్చేవారు."

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. ఊహ. పరిశోధనలో ఊహ ఉంటుంది. నువ్వు ఆ కాలరు చూడు, మాడిపోతోంది."

"మాడట్లేదులెండి. అది సరే, చక్రాలు తిరగవేంటి దానికి?"

"తిరుగుతాయి. కెమెరా వేగం, చక్రం వేగం ఒకటైతే ఆగిపోయినట్టు కనిపిస్తాయి. అది సైన్సు. నా వ్యాసం ఐదో పేజీలో రాశాను."

"డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చున్నాడే మరి."

"అతను డ్రైవరు కాదు, పెళ్లికొడుకు."

"మరి డ్రైవరేడండీ?"

"అప్పటి కార్లకి కొన్నిటికి ఎడమచేతి స్టీరింగు. అవతల పక్క ఉంటాడు."

"అవతల పక్క పెళ్లికూతురుంది. తలమీద ముసుగు, చేతిలో పువ్వులు. ఆవిడ నడుపుతోందంటారా?"

"ఆ విషయం ఫుట్‌నోట్‌లో పెట్టాను. ఆశా, మూడేళ్లలో ఏనాడూ ఇటు తొంగి చూడలేదు నువ్వు. ఈరోజే ఎందుకు ఇన్ని ప్రశ్నలు?"

"ఈరోజేగా మీరు మైకులో చెప్పేది. ఎవరైనా అడిగితే తడబడకూడదని."

"ఎవరడుగుతారు? అందరూ నా డిపార్ట్‌మెంటువాళ్లే. నాకంటే తెలిసినవాడు ఒక్కడు లేడు. పైగా రేపు పుస్తకం అచ్చుకి వెళ్లిపోతోంది. మా నాలుగొందల మందీ కలిసి వేసే పుస్తకం. నూట నలభయ్యో పేజీ నాది. నా పేరుతో. ఇంకేంటి అనుమానం?"

"ఏం లేదండీ."

"ఉంటే చెప్పు."

"ఒక్కటే. బ్యాటరీ ఉంటే మరి కాళ్లెందుకండీ?"

"ఏ కాళ్లు?"

"కారు కిందవి."

"కారు కింద కాళ్లేంటి, మతి ఉండే..."

"పెట్టండి ఓసారి ఆ ముక్క. ఊఁ. ఇంకొంచెం. ఆ మేకపిల్ల పక్కకి తప్పుకుంటుంది చూడండి, అక్కడ ఆపండి. కింద కట్టిన కుచ్చుల తెర కాస్త లేచిందా?"

"లేచింది. దుమ్ము పడకుండా కట్టిన గుడ్డ అది. మడ్‌ఫ్లాపు లాంటిది. జర్మనీ ఆయన ఒప్పుకున్నాడు."

"దాని కింద లెక్కపెట్టండి."

"రెండు. నాలుగు. ఆరు... పక్కన నడిచేవాళ్లవి ఇవి."

"పక్కన నడిచేవాళ్లవైతే పైన తలకాయలుండాలి కదండీ. ఆ కాళ్లకి తలకాయలేవి?"

"ఎనిమిది."

"మంచినీళ్లు తేనా?"

"ఎనిమిది కాళ్లు ఆశా. నలుగురు మనుషులు. లోపల దూరి మోస్తున్నారు. అది కారు కాదు."

"ముందు ఈ నీళ్లు తాగండి."

"పల్లకీ. కారులా చేసిన పల్లకీ. ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగుతుంటే స్ప్రింగులనుకున్నాను. నాలుగు పేజీలు రాశాను స్ప్రింగుల మీద. బెల్జియం ఆయన బొమ్మ గీసి పంపాడు కూడా."

"తాగండి మరి."

"నలుగురు మనుషులు ఎండలో చెమటలు కక్కుతూ మోస్తుంటే, నేను వాళ్ల కాళ్లు వదిలేసి బంపరు కొలతలు తీశాను."

అప్పుడే ఫోను మోగింది. చేసింది రిటైర్డ్ ఉద్యోగుల సంఘం సెక్రటరీ కిరణ్ కుమార్. ఫోను చెవికి ఆనించుకునే ఓపిక కూడా లేక సుకుమార్ గారు స్పీకర్లో పెట్టారు.

"సార్, వందనాలండి. ఫ్లెక్సీ కట్టేశామండి. మీ బొమ్మ పన్నెండడుగులు. పక్కన కారు. కింద 'మూగ సినిమాలో బ్యాటరీ కారును కనిపెట్టిన మన గోదావరి బిడ్డ' అని. అదిరిందండి."

"దింపేయి కిరణ్."

"ఏంటండీ? బొమ్మ బాలేదా? ఆ ఫొటో మేడమ్ గారే ఇచ్చారండి."

"ఫొటో బానే ఉంది. అది కారు కాదు."

"ఏది కాదండీ?"

"కారు కారు కాదు. పల్లకీ. ఎనిమిది కాళ్లున్నాయి దానికి."

"...ఈ మాట ఎవరికైనా చెప్పారాండి?"

"ఇప్పుడే తెలిసింది. మా ఆవిడ చూపించింది."

"అయితే మేడమ్ గారూ, మీరూ ఎవరికీ చెప్పకండి. ఫ్లెక్సీ కిందిభాగం మీద బంతిపూల దండ కట్టించేస్తాను. కాళ్లు కనపడవు. మీరు ఉపన్యాసం చదివేయండి, శాలువా కప్పేస్తాం, భోజనాలు పెట్టేస్తాం. విలేకరి కూడా వస్తున్నాడండి."

"ఫిట్‌నెస్ లేని బండికి ఎవరు ఫోన్ చేయించినా సంతకం పెట్టలేదు నేను. ఇప్పుడు పెడతానా?"

"దానికి ఫిట్‌నెస్ లేదని ఎవరన్నారండీ? ఆగమంటే ఆగుతుంది, పదమంటే కదులుతుంది. పొల్యూషన్ లేదు. హారన్ కూడా అక్కర్లేదు, మోసేవాళ్లే అరుస్తారు."

"కిరణ్."

"చెప్పండి సార్."

"సాయంత్రం వస్తాను. మైకు పట్టుకుని, నేను తప్పు చెప్పానని చెబుతాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. ఆ శాలువా ఎవరికైనా కప్పాలంటే అది మోసిన ఆ నలుగురికి కప్పాలి. వాళ్లెవరో తెలీదు. నువ్వు కప్పుకో."

"నాకెందుకండీ ఈ ఎండల్లో."

"ఉంటాను."

"సార్, సార్, మరి భోజనాలు..."

"పెట్టేశారేంటండీ ఫోను? పాపం అడుగుతున్నాడు."

"భోజనాల సంగతి వాడే చూసుకుంటాడు. ముందు వీళ్లకి రాయాలి. రేపు అచ్చయిపోతే ఆ తప్పు ప్రపంచమంతా తిరుగుతుంది."

"రాయండి. ఏం రాస్తున్నారు?"

"'ఇది కారు కాదు. ఇంజను లేదు, బ్యాటరీ లేదు. మనుషులు మోస్తున్నారు. క్షమించండి.' ఇంతే. పంపేశాను."

"మంచి పని చేశారండీ. నిజంగా. మీరు ఊరుకుంటారేమోనని భయపడ్డాను."

"సిగ్గేస్తోంది ఆశా."

"దేనికీ? చెప్పేశారుగా. టీ పెట్టనా?"

"ఆగు. అప్పుడే జవాబొచ్చింది. జర్మనీ ఆయన. పుస్తకానికి ఎడిటరు ఆయనే. ఆదివారం కూడా పొద్దున్నే లేచాడేంటి ఈయన... 'బాధపడకండి, మేమంతా కలిసే పొరబడ్డాం. ఇది కారు కంటే బాగుంది. మీ పేజీ ఉంచుతాం. కాకపోతే ప్రతి బండికీ చేసినవాళ్ల పేరు వేయాలి, అది మన పుస్తకం నియమం. రేపు ఉదయంలోగా పేరు, అందుకు సాక్ష్యం పంపితే పేజీ ఉంటుంది. లేకపోతే తీసేయక తప్పదు.'"

"అయితే ఇంకా పోలేదన్నమాట."

"పోయినట్టే. వందేళ్ల కిందట ఏ వడ్రంగి చేశాడో ఎవడికి తెలుస్తుంది? ఏ ఊరివాడో, ఏమో."

"గాబ్రియేలు అని రాయండి."

"ఏ గాబ్రియేలు? దేవదూతా?"

"మా తాతయ్య."

"మీ తాతయ్య ఎందుకొచ్చాడు మధ్యలో?"

"చేసింది ఆయనే కాబట్టి. మిషన్ కాంపౌండులో వడ్రంగి కదా ఆయన. దొరగారి కారు చూసి మోజుపడి, ముందుభాగం అచ్చం అలాగే చెక్కాడు. వెనకభాగం చెక్కుదామనేసరికి ఆ దొరగారు బదిలీ అయిపోయారు. తర్వాతొచ్చిన దొర ఇంకో కారు తెచ్చుకున్నాడు. వెనకభాగం దాన్ని చూసి చెక్కాడు."

"అందుకా ముందు బ్యూకు, వెనక ఫోర్డు."

"అందుకే. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లిళ్లకి తీసుకెళ్లేవారు. మా నానమ్మ ఆ కుచ్చులు కుట్టేది."

"ఉండు, ఉండు. ఇదంతా నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజు మీరు ఆ ముక్క పెట్టినప్పట్నుంచి. టీ గ్లాసు ఇవ్వడానికి వచ్చాను కదా, అప్పుడే చూశాను."

"మూడేళ్లా? మూడేళ్లు నోరు మూసుకు కూర్చున్నావా?"

"మీరే గుర్తుపడతారని చూశానండీ."

"నేనెలా గుర్తుపడతాను? నేనేమైనా చూశానా పెట్టానా?"

"టీలో అల్లం వేయమంటారా?"

"అల్లం గొడవ ఇప్పుడెందుకు? బండి ఉందా ఇంకా? మీ ఊళ్లో ఎక్కడైనా?"

"ఎనభయ్యారు వరదలో కొట్టుకుపోయింది."

"అయ్యో. అయితే మనిషి సాక్ష్యం కావాలి. నీది చెల్లదు, మనవరాలివి. బయటివాళ్లు కావాలి. దాన్ని కళ్లారా చూసినవాళ్లు, వీలైతే ఎక్కినవాళ్లు. ఎవరైనా బతికున్నారా?"

"ఉన్నారండీ, ఒకాయన. ఎక్కినాయనే."

"ఎక్కడ? మీ ఆత్రేయపురంలోనా? ఇప్పుడే బయల్దేరితే సభవేళకి వచ్చేయొచ్చు. సూటు ఇటివ్వు."

"అంత దూరం ఎందుకు? రాజమండ్రిలోనే."

"మరి చెప్పవేం? బాగా పెద్దాయనా? జ్ఞాపకశక్తి ఉందా?"

"అదేనండీ నా అనుమానం కూడా."

"నేను అడుగుతాను కదా, నిదానంగా. ఏం చేసేవారు?"

"బ్రేక్ ఇన్‌స్పెక్టరు."

"మా డిపార్ట్‌మెంటా? రాజమండ్రిలో నాకు తెలియని బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఎవరు?"

"వరదకి మూడు నెలల ముందు, మే నెలలో, మా ఊళ్లో. ఆ బండెక్కిన ఆఖరి పెళ్లికొడుకు ఆయనే. చర్చి దగ్గర్నుంచి మా ఇంటిదాకా గంటన్నర కూర్చున్నారు అందులో. దారి పొడుగునా ముందు వెళ్తున్న బ్యాండువాళ్ల వ్యానుకి వెనక లైటు లేదని తిట్టుకుంటూనే ఉన్నారు."

"...లేదు. నిజంగానే లేదు దానికి. చీకటిపడితే ప్రమాదం."

"అవునండీ."

"మరి... మన కింద ఉన్నది ఆ బండేనా? దానికి ముందు రెండు లైట్లుండేవా?"

"ఉండేవండీ. వాటి సంగతి సరే, పక్కన ఎవరు కూర్చున్నారో అదైనా గుర్తుందా?"